చిన్న తెరచాప డింగీలో సామాను సర్దడం, కట్టడం: ఇంటి నుంచి ఒడ్డు దాకా

ఫోన్ ఎక్కడ పెట్టాలి? తెడ్డు ప్రతిసారీ జారిపోతోంది, ఏం చేయాలి? లంగరు తాడు కాళ్లకు చుట్టుకుంటోంది, దీనికేమైనా దారి ఉందా? డింగీ అనే చిన్న తెరచాప పడవ నడపడం నేర్చుకుంటున్నవాళ్లు నన్ను పదేపదే అడిగేవి ఇవే. ఒక్కోదానికి విడిగా జవాబు చెబితే పని సగమే అవుతుంది. ఒక వస్తువు చోటు మారితే ఇంకో నాలుగు వస్తువుల చోటు మారుతుంది. అందుకే ఇంట్లో సామాను పరిచే దగ్గర మొదలుపెట్టి, తిరిగొచ్చి ఆరబెట్టేదాకా వరుసగా రాస్తున్నాను.

నేను ఉండేది హన్మకొండలో. నా అనుభవమంతా ఎక్కువగా కరీంనగర్ దగ్గరి దిగువ మానేరు డ్యామ్ (ఎల్‌ఎండీ) నీళ్ల మీదే. ఇక్కడ చెప్పేది ఆప్టిమిస్ట్, లేజర్, ఎంటర్‌ప్రైజ్ లాంటి, సుమారు రెండు నుంచి నాలుగు మీటర్ల పొడవుండే డింగీలకు పనికొస్తుంది. ఈత, లైఫ్ జాకెట్, నీటిపారుదల శాఖ అనుమతి సంగతి ముందే చూసుకున్నారనుకునే రాస్తున్నాను. పాకాల లాంటి చోట చుట్టూ అభయారణ్యం ఉంది కాబట్టి అటవీ శాఖ అనుమతి కూడా కావాలి. చెరువు ఏదైనా అక్కడి మత్స్యకారులకు ఒక మాట చెప్పి దిగండి. వలలు ఎక్కడ వేశారో వాళ్లకే తెలుస్తుంది.

పడవలో ఏ వస్తువు పెట్టినా రెండు ప్రశ్నలు వేసుకోండి.

- పడవ తలకిందులైతే ఇది ఎక్కడుంటుంది?
- దీన్ని కట్టిన తాడు ఎవరి కాలికైనా, మెడకైనా చుట్టుకుంటుందా?

మొదటి ప్రశ్నకు "కట్టిన చోటే ఉంటుంది", "నా ఒంటి మీదే ఉంటుంది" అనే రెండే సరైన జవాబులు. "ఏమో, తేలుతుందేమో" అనిపిస్తే ఆ వస్తువును ఒడ్డునే వదిలేయండి. రెండో ప్రశ్నను చాలామంది మరిచిపోతారు. గట్టిగా కట్టడం మీదే ధ్యాస పెట్టి పడవనంతా ఉచ్చుల గూడులా చేస్తారు. సామాను పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. బోల్తా పడ్డ పడవ కింద కాలు చిక్కుకుంటే అది ప్రాణం మీదికి వస్తుంది.

1. ఇంట్లో: అంతా నేల మీద పరచండి

బయలుదేరే ముందు రాత్రి సామానంతా హాల్లో నేల మీద పరిచి, మూడు కుప్పలుగా వేరు చేయండి.

మొదటి కుప్ప, ఒంటి మీద ఉండాల్సినవి:
- లైఫ్ జాకెట్
- విజిల్, జాకెట్‌కు కట్టి
- తాడు కోసే చిన్న కత్తి, మొన మొద్దుగా ఉన్నది
- వాటర్‌ప్రూఫ్ పౌచ్‌లో ఫోన్

రెండో కుప్ప, పడవకు కావాల్సినవి:
- తెడ్డు
- నీళ్లు తోడే డబ్బా, అంటే బెయిలర్
- ముందు తాడు, అంటే పెయింటర్
- లంగరు, దాని తాడు
- రెండు మీటర్ల సన్న తాడు ముక్కలు రెండు, ఇన్సులేషన్ టేపు, తాళ్లను, భాగాలను కలిపే లోహపు కొక్కేలు (షాకిల్స్) ఒకటి రెండు

మూడో కుప్ప, మన సౌకర్యానికి:
- తాగే నీళ్లు
- తిండి
- పొడి బట్టలు, తువ్వాలు
- టోపీ, సన్‌స్క్రీన్, మందులు

మొదటి రెండు కుప్పల్లో ఏదీ తగ్గించకండి. మూడో కుప్పలో మాత్రం తాగే నీళ్లు తప్ప మిగిలినదాన్ని సగం చేయండి. ఇంట్లో ఉన్నప్పుడు అన్నీ అవసరమే అనిపిస్తాయి. కానీ ఆప్టిమిస్ట్ హల్ (తెరచాప, దాని స్తంభం లేని ఒట్టి పడవ) బరువే 35 కిలోలు. అలాంటి పడవలో అయిదు కిలోల సంచి అదనంగా పెడితే నడకలో తేడా వెంటనే తెలిసిపోతుంది.

ఫోన్‌ను ఒంటి మీదే ఉంచమనడానికి కారణం ఉంది. పడవ చేయి జారి గాలికి కొట్టుకుపోతే, పడవలోని డ్రై బ్యాగ్ (నీళ్లు చొరని సంచి) కూడా దానితోనే పోతుంది. 112కు ఫోన్ చేయాల్సింది సరిగ్గా అలాంటప్పుడే. పౌచ్‌ను మెడలో వేసుకోకండి. జాకెట్ జేబులో పెట్టి, దాని దారాన్ని జాకెట్ పట్టీకి కట్టండి. మెడలో వేలాడే దారం తెరచాప కింది అంచున అడ్డంగా ఉండే బూమ్‌కో, తాడును పట్టి ఉంచే క్లీట్‌కో తగులుకునే ప్రమాదం ఉంది.

2. కట్టడానికి ఏమేం కావాలి

దీనికి ఖరీదైన సామాను అక్కర్లేదు. వరంగల్ చౌరస్తా చుట్టుపక్కల హార్డ్‌వేర్ దుకాణాల్లో దాదాపు అన్నీ దొరుకుతాయి.

- 4 మిల్లీమీటర్ల తాడు, పది మీటర్లు. వస్తువులను పడవకు కట్టడానికి.
- 5 మిల్లీమీటర్ల సాగే తాడు, అయిదు మీటర్లు. దుస్తులకు వేసే ఎలాస్టిక్ కాదు, పైన అల్లిక ఉన్న గుండ్రటి తాడు.
- పాత సైకిల్ ట్యూబు ఒకటి. రెండు వేళ్ల వెడల్పున అడ్డంగా కోస్తే గట్టి రబ్బరు బ్యాండ్లు తయారవుతాయి.
- మూసుకునే స్నాప్ హుక్కులు, స్టెయిన్‌లెస్ స్టీలువి, నాలుగైదు.
- డ్రై బ్యాగులు రెండు: 5 లీటర్లది ఒకటి, 10 లీటర్లది ఒకటి.

బైకు మీద లగేజీ కట్టే హుక్కుల రబ్బరు తాళ్లు మాత్రం తేవద్దు. ఆ తెరిచి ఉన్న హుక్కులు జాకెట్‌కు, వలకు, చర్మానికి తగులుకుంటాయి. లాగి వదిలితే కంటికి కొట్టుకుంటాయి.

తాళ్లన్నీ ఒకేలా పనిచేయవు. దుకాణాల్లో కనిపించే పాలీప్రొపిలీన్ తాడు నీటిలో తేలుతుంది కాబట్టి ముందు తాడుకు అదే మంచిది. ఎండకు మాత్రం త్వరగా పెళుసవుతుంది. చేత్తో రుద్దితే పొడిలా రాలుతుంటే పారేయండి. నైలాన్ మునుగుతుంది, లాగితే సాగుతుంది. లంగరుకు ఆ సాగే గుణమే కావాలి, కుదుపును అది మింగేస్తుంది. పాలిస్టర్ అంతగా సాగదు కాబట్టి వస్తువులను బిగించి కట్టడానికి వాడండి. కోసిన ప్రతి కొసనూ కొవ్వొత్తి మంట దగ్గర పెట్టి కరిగించండి. లేకపోతే రెండు రోజుల్లో పోగులు పోగులుగా విడిపోతుంది.

ముళ్లు మూడు వస్తే చాలు.

బోలైన్: బిగిసిపోని ఉచ్చు కావాల్సిన ప్రతి చోటా ఇదే. తాడులో చిన్న చుట్టు వేయండి. కొసను కింది నుంచి ఆ చుట్టులోకి పైకి తీయండి. పొడవు తాడు వెనక నుంచి తిప్పండి. మళ్లీ అదే చుట్టులోకి దించి బిగించండి. చివర ఒక జానెడు తోక మిగలాలి.

చుట్టు, రెండు సగం ముళ్లు: కమ్మీకో రింగుకో కట్టడానికి. రెండు చుట్లు చుట్టి, పొడవు తాడు మీద రెండు సగం ముళ్లు వేయాలి. కొసను పొడవు తాడు చుట్టూ ఒకసారి తిప్పి, ఆ మెలికలోంచి తీసి బిగిస్తే అదే సగం ముడి. తాడు మీద బరువు ఉన్నా విప్పుకోవచ్చు.

లాగుడు ముడి: షూ లేసు కట్టినట్టు చివరి మడతను మడతగానే వదిలేసి వేసే ముడి. తోక లాగితే ఊడుతుంది. తెడ్డు, లంగరు లాంటి, తొందరలో కావాల్సిన వస్తువులకు దీన్నే వాడండి.

ఈ మూడింటినీ కళ్లు మూసుకుని, తడి చేతులతో వేయగలిగే వరకు ఇంట్లో కిటికీ ఊచకు సాధన చేయండి.

3. డ్రై బ్యాగ్ నింపడం

డ్రై బ్యాగ్ కొన్నా లోపల తడిసిందంటే తొంభై పాళ్లు తప్పు మూతి మడతలోనే ఉంటుంది.

1. సంచిని మూడు వంతుల్లో రెండు వంతులే నింపండి. నిండుగా కుక్కితే మడవడానికి గుడ్డ మిగలదు.
2. మూతి పట్టీల మధ్య ఇసుక, దారం లాంటివి లేకుండా తుడవండి.
3. మోకాలితో నొక్కి అదనపు గాలి తీయండి. కొంచెం గాలి ఉండనివ్వండి, సంచి తేలాలి.
4. పట్టీని ఒకే వైపుకు కనీసం మూడు, వీలైతే నాలుగు మడతలు మడవండి.
5. బకిల్ పెట్టి, రెండు చేతులతో నొక్కి చూడండి. బుస్సుమని గాలి పోతే విప్పి మళ్లీ మడవండి.

బండి తాళం, డబ్బులు, ఐడీ కార్డు, మందులు ముందు జిప్ కవర్‌లో వేసి తర్వాత డ్రై బ్యాగ్‌లో పెట్టండి. చిప్ ఉన్న తాళం తడిస్తే ఇంటికి రావడమే కష్టమవుతుంది.

కొత్త సంచిని నమ్మకండి. లోపల పాత వార్తాపత్రిక పెట్టి, మూసి, నీళ్ల డ్రమ్ములో రాయి బరువు పెట్టి ఒక రాత్రంతా ముంచి ఉంచండి. పొద్దున కాగితం పొడిగా ఉంటేనే అది డ్రై బ్యాగ్.

మన ఎండ గురించి ఒక మాట. ఏప్రిల్, మే నెలల్లో నల్లటి డ్రై బ్యాగ్ ఎండలో ఉంటే లోపల పవర్ బ్యాంక్, మందులు పొయ్యి మీద పెట్టినట్టే. లేత రంగు సంచి కొనండి, డెక్ (పడవ పై కప్పు) కింద నీడలో కట్టండి. గడ్డకట్టిన నీళ్ల సీసాను మందులు, బట్టలు ఉన్న సంచిలో పెట్టకండి. సీసా చెమటకే లోపలంతా తడుస్తుంది.

4. ముందు పడవ భాగాలు, తర్వాతే సామాను

సంచీలు కట్టే తొందరలో పడవ సొంత భాగాలను మరిచిపోతారు. బోల్తా పడితే మొదట ఊడేవి ఇవే. సామాను ముట్టుకోకముందే ఈ వరుసలో చూడండి.

- మాస్ట్, అంటే తెరచాప స్తంభం. దాన్ని గుంతలో నిలబెడితే సరిపోదు, కట్టి ఉండాలి. ఆప్టిమిస్ట్‌లో అడ్డుబల్ల దగ్గర క్లాంప్ లేదా తాడు ఉంటుంది. లేజర్‌లో తెరచాప ముందంచును కిందికి లాగే కనింగ్‌హామ్ తాడో, ప్రత్యేకంగా వేసే తాడో మాస్ట్ జారిపోకుండా పట్టుకుంటుంది. పైకి ఎత్తి చూడండి, లేవకూడదు.
- చుక్కాని. బిగించాక కింది నుంచి పైకి తోయండి. లేస్తే దాని స్ప్రింగు క్లిప్ వంగిపోయిందన్నమాట. క్లిప్‌ను బయటికి వంచండి. దానిమీదే నమ్మకం పెట్టుకోకుండా సన్న తాడుతో పడవకు కట్టండి.
- డాగర్‌బోర్డ్, అంటే పడవ మధ్యలోంచి నీటిలోకి దించే పలక. పడవ తిరగబడితే జారి మునుగుతుంది, లేదా దూరంగా తేలిపోతుంది. అది లేకుండా పడవను నిటారుగా లేపడం చాలా కష్టం, కాళ్లు పెట్టి బరువు వేయాల్సింది దాని మీదే కాబట్టి. సాగే తాడుతో మాస్ట్ వైపు కట్టండి.
- నీళ్లు పోయే రంధ్రాల బిరడాలు. ప్రతి బిరడానూ సన్న తాడుతో కట్టి ఉంచండి. ఒక అదనపు బిరడా మరమ్మతు సంచిలో వేయండి.
- గాలి సంచులు, మూసిన ట్యాంకులు. సంచుల పట్టీలు గట్టిగా ఉన్నాయో లేదో లాగి చూడండి. నీళ్లు నిండితే ఆ సంచులు పడవను పైకి తోస్తాయి, పట్టీలు ఊడితే సంచులే బయటికొచ్చేస్తాయి.

గాలి సంచులను పొద్దున చల్లటి వేళ రాయిలా గట్టిగా ఊదకండి. మధ్యాహ్నం ఎండకు లోపలి గాలి వ్యాకోచించి అతుకులు విడుస్తాయి. బొటనవేలితో నొక్కితే కొంచెం లోపలికి పోయేలా ఉండాలి. ఇంకొకటి: గాలి సంచి తీసేసి ఆ చోట సామాను పెట్టడం అస్సలు చేయొద్దు. చోటు బాగుందని ఒకరిద్దరు అలా చేయడం చూశాను. ఆ చోటు ఖాళీగా లేదు, పడవను తేల్చే గాలి అక్కడ ఉంది.

ఒడ్డున ఈ పనులు చేసేటప్పుడు కింద టార్పాలిన్ పరచండి. మన చెరువుల చుట్టూ సర్కారు తుమ్మ ముళ్లు ఎంతలా ఉంటాయో తెలిసిందే. గాలి సంచినీ డ్రై బ్యాగునూ నేల మీద ఈడిస్తే నీళ్లలోకి దిగకముందే చిల్లు పడుతుంది.

5. ఏ బరువు ఎక్కడ

సూత్రం చిన్నదే: బరువైనది కిందికి, పడవ మధ్యకు, అంటే డాగర్‌బోర్డ్ దగ్గరికి.

ముందు కొనలో బరువు పెడితే వెనక గాలికి వేగంగా పోయేటప్పుడు పడవ ముక్కు నీటిలోకి దూరుతుంది. వెనక కొనలో పెడితే వెనక భాగం నీటిలో ఈడ్చుకుంటూ పోతుంది, వేగం పడిపోతుంది. ఒక పక్కకు పెడితే ఎప్పుడూ అటే వాలుతుంది. మీరు గాలి తప్పు అనుకుని తంటాలు పడుతుంటారు.

ఎక్కించే వరుస ఇది:

1. తాగే నీళ్లు. ఒక లీటరు అంటే ఒక కిలో. డాగర్‌బోర్డ్ పెట్టెకు ఇరువైపులా సమంగా, అడుగునే.
2. లంగరు, దాని సంచి. మాస్ట్ వెనక, మధ్య గీత మీద.
3. పెద్ద డ్రై బ్యాగ్. డెక్ కింద, మాస్ట్ దగ్గర.
4. తెడ్డు. పక్క గోడ వెంట, పిడి మీ వైపుకు.
5. బెయిలర్. చేయి చాస్తే అందే చోట.
6. చిన్న డ్రై బ్యాగ్, అంటే దారిలో తీసే తిండి, సన్‌స్క్రీన్. అన్నిటికన్నా చివర, అన్నిటికన్నా దగ్గర.

లేజర్‌లో కాక్‌పిట్, అంటే కాళ్లు పెట్టుకునే గుంత, చాలా చిన్నది. అందులో ఒక నీళ్ల సీసా, ఒక చిన్న సంచి తప్ప ఇంకేం పెట్టినా కాళ్లకు చోటుండదు. రెండింటినీ మాస్ట్ అడుగున సాగే తాడుతో కట్టండి.

ఎక్కించాక పడవను మోకాలి లోతు నీళ్లలో వదిలి, నాలుగు అడుగులు వెనక్కి వచ్చి పక్క నుంచి చూడండి. ముక్కు దించుకుందా, తోక దించుకుందా కంటికే తెలుస్తుంది. అప్పుడే సరిచేయండి.

6. వస్తువు వారీగా కట్టే పద్ధతి

తెడ్డు. రెండు చోట్ల పట్టుండాలి: ఆకు దగ్గర సాగే తాడు ఉచ్చు, పిడి దగ్గర ట్యూబు బ్యాండ్. ఇవి కాక పిడికి ఒక సన్న తాడు. తెడ్డు వాడేటప్పుడు అది చేయి జారినా ఆ తాడు కాపాడుతుంది. తాడు పొడవు మీ చేయంత ఉంటే చాలు.

బెయిలర్. అయిదు లీటర్ల నూనె డబ్బాను ఏటవాలుగా కోసి, పిడి అలాగే ఉంచితే మంచి బెయిలర్ అవుతుంది. కోసిన అంచును ఇసుక కాగితంతో రుద్దండి. ఆప్టిమిస్ట్ పోటీల నియమాల్లోనే బెయిలర్‌ను పడవకు కట్టి ఉంచాలని ఉంది. పిల్లల పడవకే అంత పట్టింపు ఉన్నప్పుడు మనకెందుకు ఉండకూడదు? తాడు మాత్రం డబ్బా పడవ అంచు దాటి నీళ్లు పారబోసేంత పొడవు ఉండాలి, అంతకు మించి వద్దు.

ముందు తాడు. ఆప్టిమిస్ట్‌కు నియమం ప్రకారం కనీసం 5 మిల్లీమీటర్ల మందం, 8 మీటర్ల పొడవు, తేలే తాడు. పెద్ద డింగీకి కొంచెం మందం తాడు తీసుకోండి. ఒక కొసను మాస్ట్ అడుగున గట్టిగా కట్టి, మిగతాది చిన్న చుట్టగా చుట్టి ట్యూబు బ్యాండ్‌తో పట్టి ఉంచండి. వేరే పడవ లాగాల్సి వచ్చినప్పుడు ఒక్క గుంజుకు చుట్ట విడిపోవాలి.

లంగరు. దీని మీద ఎక్కువ సమయం పెట్టండి. డింగీలో అతి బరువైనది, అతి గట్టిది, అతి పొడవు తాడు ఉన్నది ఇదే.

నేను ఒకసారి మడత లంగరును ముందు కొనలో ఊరికే పెట్టి, తాడును దాని మీద చుట్టగా వేశాను. గాలి ఒక్కసారిగా మళ్లి పడవ పక్కకు పడింది. లంగరు తెరచాప మీదికి దొర్లింది. ఇరవై మీటర్ల తాడు నీళ్లలో విచ్చుకుని మాస్ట్‌కు, నాతో ఉన్న మిత్రుడి కాలికి చుట్టుకుంది. లోతు తక్కువ కాబట్టి అతని తల నీటిపైనే ఉంది. జాకెట్ మీద కత్తి ఉండబట్టి తాడు కోశాం. ఆ తర్వాత నుంచి కింది పద్ధతి తప్ప ఇంకోలా లంగరును పడవ ఎక్కించలేదు.

1. జాలీ గుడ్డ సంచి ఒకటి తీసుకోండి, నీళ్లు కారిపోయేది. మూతికి లాగుడు తాడు ఉండాలి.
2. తాడు చివరి కొసను సంచి అడుగు నుంచి బయటికి తీసి, పడవలో గట్టి చోట బోలైన్‌తో కట్టండి.
3. తాడును చుట్టలు చుట్టకుండా, పై నుంచి చేతికొచ్చినట్టు కొంచెం కొంచెంగా సంచిలోకి జారవిడవండి. చుట్టలు చుట్టిన తాడు తీసేటప్పుడు మెలికపడుతుంది. ఇలా జారవిడిచింది వరుసగా బయటికొస్తుంది.
4. గొలుసు ఉంటే అది తాడు పైన, లంగరు అన్నిటికన్నా పైన, ముడిచి ఉంచండి.
5. సంచి మూతి బిగించి లాగుడు ముడి వేయండి.
6. మొత్తం సంచిని రెండు చోట్ల పడవకు కట్టండి.

రెండో అంశం నాకు ఎల్‌ఎండీలో పుట్టిలో చేపలు పట్టే ఒక పెద్దాయన నేర్పింది. నేను లంగరు వేస్తుంటే చూసి, "తమ్మీ, తాడుకు రెండు కొసలుంటయ్. ఒకటి లంగరుకు కడితివి, రెండోది ఎవలు కట్టాలె?" అన్నాడు. "మర్చిపోయిన కాకా" అని అప్పుడే కట్టాను. పడవలో కట్టని రెండో కొస చేతిలోంచి జారితే లంగరూ తాడూ రెండూ నీటి అడుగుకే.

తాడు పొడవు, నీటి లోతుకు కనీసం మూడింతలు, గాలి ఉంటే అయిదింతలు. నాలుగు మీటర్ల లోతుకు ఇరవై మీటర్లు. చిన్న డింగీకి అంతకన్నా లోతులో లంగరు వేయాల్సిన పని సాధారణంగా రాదు.

నీళ్లు, తిండి. స్టీలు సీసా నిండుగా ఉంటే మునుగుతుంది. ప్లాస్టిక్ సీసాను మెడ దాకా నింపి కొంచెం గాలి వదిలితే తేలుతుంది. మెడకు ట్యూబు బ్యాండ్ వేసి దానికి స్నాప్ హుక్ తగిలించండి. తిండిలో పులుసు, పెరుగు వద్దు. సర్వపిండిని ముక్కలు చేసి బిగుతు మూత డబ్బాలో పెట్టుకుంటే ఒక చేత్తో తినొచ్చు, చల్లారినా బాగుంటుంది. సకినాలు తేమకు మెత్తబడతాయి, డబ్బా తెరిచిన వెంటనే తినేయండి.

టోపీ, కళ్లద్దాలు, చెప్పులు. టోపీకి క్లిప్, అద్దాలకు వెనక పట్టీ. చెప్పులు పడవలో విప్పి పడేయకండి. వెనక పట్టీ ఉన్న శాండిల్సో పాత కాన్వాస్ బూట్లో వేసుకునే ఉండండి, దిగేటప్పుడు ముళ్ల నుంచి కాళ్లు బతుకుతాయి.

7. తాళ్లు కాళ్లకు చుట్టుకోకుండా

ఇప్పుడు పడవలో దాదాపు పది తాళ్లు ఉన్నాయి. కూర్చుని, కాళ్లను కాక్‌పిట్‌లో అటూ ఇటూ తిప్పండి. పాదం దూరే ఉచ్చు ఒక్కటి కూడా ఉండకూడదు, పడవ బయటికి వాలేటప్పుడు పాదాలు దూర్చే హైకింగ్ పట్టీలు తప్ప.

- వస్తువును కట్టే తాడు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. చేతికి అందితే చాలు.
- పొడవు తాడు ఏదైనా సంచిలోనే ఉండాలి, నేల మీద కాదు.
- తెరచాపను లాగి వదిలే మెయిన్‌షీట్ తాడు తోకను ఏ సామానుకూ తగలనివ్వకండి. గాలి ఎక్కువైనప్పుడు అది ఒక్కసారిగా వదిలేయాల్సిన తాడు. మధ్యలో సీసా మూతికి తట్టుకుంటే పడవ బోల్తానే.
- ఏ తాడునూ చేతికి చుట్టుకోకండి, నడుముకు కట్టుకోకండి.
- సామాను కోసం వేసిన సాగే తాళ్లు పాదాల కింద కాకుండా పక్క గోడలకు ఆనించి ఉండాలి.

8. బోల్తా పరీక్ష

ఇది చేయకుండా లోతు నీళ్లలోకి పోవద్దని నా గట్టి మాట. రెండు దశలుగా చేయండి.

మొదటిది పొడి నేల మీద. వరిగడ్డి పరుపు మీదో పాత టైర్ల మీదో పడవను ఉంచి, మాస్ట్ లేకుండా, సామానంతా కట్టి, ఇద్దరు కలిసి పక్కకు తిప్పండి. పది అంకెలు లెక్కపెట్టే వరకు ఊపండి. ఏది జారింది, ఏది వేలాడింది, ఏది చప్పుడు చేసింది రాసుకోండి. రెండో పక్కకు కూడా చేయండి. మొదటిసారి కనీసం మూడు తప్పులు బయటపడతాయి.

రెండోది నీళ్లలో. గాలి లేని పొద్దున, నడుము లోతులో, ఫోన్, తాళాలు ఒడ్డున వదిలి. ఒకరు మాస్ట్ కొసను చేత్తో పట్టుకోవాలి. లేకపోతే అది బురదలో గుచ్చుకుని వంగిపోతుంది. పడవను పక్కకు పడేసి ఇవి చూడండి:

- ఏదైనా తేలిపోయిందా?
- ఏదైనా తెరచాపలోకి జారిందా?
- పడవ ఎంత ఎత్తులో తేలుతోంది? ఒక కొన ఎక్కువ మునిగితే అటువైపు గాలి సంచి చూడండి.
- డాగర్‌బోర్డ్ పట్టుకుని లేపేటప్పుడు సామాను అడ్డం వచ్చిందా?
- లేచాక బెయిలర్ ఎన్ని క్షణాల్లో చేతికొచ్చింది?
- లంగరు సంచి మూతి అలాగే ఉందా?

పూర్తిగా తలకిందులు చేసే పరీక్ష లోతులోనే వీలవుతుంది. అది శిక్షకుడు, రక్షణ పడవ ఉన్నప్పుడే చేయండి.

9. తరచూ జరిగే తప్పులు, వాటి సవరణ

ముడి బిగిసిపోయి రావడం లేదు. తడిసి ఎండిన గట్టి ముడి అది. దాన్ని కొయ్యకుండా వేడి నీళ్లలో నానబెట్టి, ముడి వెనక మెడను వెనక్కి వంచితే సడలుతుంది. ఇకపై ఆ చోట బోలైన్ వేయండి.

సాగే తాడు వదులైపోయింది. ఎండకు లోపలి రబ్బరు చచ్చిపోతుంది. ఏడాదికోసారి మార్చండి. వాడనప్పుడు లాగి ఉంచకండి.

ట్యూబు బ్యాండ్ అంటుకుపోయి నల్ల మరక పడుతోంది. సబ్బు నీటితో కడిగి, కొంచెం టాల్కం పౌడర్ చల్లండి.

అన్నిటికీ ఒకే తాడు. చాలామంది చేసే తప్పు ఇది. సీసా, సంచి, తెడ్డు అన్నిటినీ ఒకే తాడులో గుచ్చుతారు. ఒక్కటి విప్పితే అన్నీ వదులవుతాయి. ఒక వస్తువుకు ఒక తాడు, ఒక చోటు.

సామాను చోటు ప్రతిసారీ మారుతోంది. సర్దాక ఒక ఫోటో తీసి ఉంచండి. తర్వాతిసారి ఫోటో చూసి అలాగే కట్టండి. కొన్నాళ్లకు చీకట్లో కూడా చేయి సరైన చోటికే పోతుంది.

మబ్బు పట్టాక సామాను సర్దుకోవడం. వేసవి సాయంత్రాల్లో గాలిదుమారం ఎంత త్వరగా లేస్తుందో మనకు తెలుసు. ఆకాశం నల్లబడటం కనిపిస్తే సంచి తెరవడం ఆపి, ఉన్నవన్నీ బిగించి, ఒడ్డుకు తిప్పండి. ఉరుము వినబడితే టెన్షన్ పడకుండా, ఆలస్యం చేయకుండా నీళ్లలోంచి బయటికి రండి. వర్షాకాలంలో మత్తడి పోస్తున్న చెరువులో, తూము దగ్గర నీళ్లు లాగే చోట పడవ అసలు దించొద్దు.

10. దారిలో, తిరిగొచ్చాక

ట్రాలీ మీదో బండి పైనో పడవను తీసుకెళ్లేటప్పుడు లోపల సామాను ఉంచకండి. డాగర్‌బోర్డ్, చుక్కాని విడిగా దుప్పటిలో చుట్టి బండి లోపల పెట్టండి. హన్మకొండ నుంచి బయలుదేరితే నేను ఎల్కతుర్తి దాటాక ఒకసారి, హుజూరాబాద్‌లో ఒకసారి ఆగి పట్టీలు లాగి చూస్తాను. మొదటి పది పదిహేను కిలోమీటర్ల కుదుపులకే పట్టీలు సడలుతాయి. పట్టీకి ఒక మెలిక వేసి కడితే గాలికి బుర్రుమని మోగదు, తొందరగా వదులవదు.

ఇంటికొచ్చాక ఎంత అలసటగా ఉన్నా ఆ రోజే ఇవి చేయండి:

- డ్రై బ్యాగులు తిరగేసి నీడలో ఆరబెట్టండి. మూసి ఉంచితే మర్నాటికే వాసన వస్తుంది.
- తాళ్లను మంచినీటి బకెట్‌లో జాడించండి. చెరువు ఒండ్రు లోపలికి పోతే తాడు గరుకవుతుంది.
- తెరచాపను కడిగి, నీడలో ఆరాక చుట్టండి. మడిచిన గీతల దగ్గరే గుడ్డ చినుగుతుంది.
- లంగరు సంచి విప్పి, తాడంతా బయటికి తీసి ఆరబెట్టి మళ్లీ జారవిడవండి.
- ట్యాంకుల మూతలు, బిరడాలు తెరిచి ఉంచండి. లోపలి తేమ పోవాలి, ఎండకు వేడెక్కిన గాలికి దారి ఉండాలి.
- గాలి సంచుల్లో సగం గాలి తీసేయండి.
- పరీక్షలో, ప్రయాణంలో రాసుకున్న తప్పులను ఆ రాత్రే సరిచేసి, మారిన తాళ్ల ఫోటో మళ్లీ తీసుకోండి.